వైరు లేని గొంతు

నీలవేణి మొగుడితో మాట మానేసి పదకొండు రోజులైంది. అన్నం పెడుతోంది, స్నానానికి నీళ్ళు తోడుతోంది, ఉతికిన చొక్కాని దండెం మీద నుంచి తీసి మంచం మీద పడేస్తోంది. మాట మాత్రం లేదు. ఆరేళ్ళ కూతుర్ని పోగొట్టుకున్న ఇంట్లో మాటలు లేకపోవడం వింత కాదు గానీ, ఇది దుఃఖం వల్ల వచ్చిన మౌనం కాదు. ఆమె లెక్కలో పెంచలయ్య అబద్ధమాడాడు. ఆ అబద్ధం వల్లే హంసిని చచ్చిపోయింది. పైగా ఆ మాట తాను అననేలేదని ఇప్పుడు ఇంకో అబద్ధం ఆడుతున్నాడు.

పెంచలయ్య చెప్పేది ఒకటే మాట. "నాకు ఫోనే రాల్యా." ఫోను చూస్తే వచ్చినట్టే ఉంది. ఆ రోజు సాయంత్రం నాలుగూ పదికి ఒకటి, నాలుగూ ఇరవై రెండుకి ఇంకొకటి. రెండూ ఎత్తినట్టే ఉంది. మొదటిది నలభై ఒక్క సెకన్లు, రెండోది పందొమ్మిది. చావుకొచ్చిన చుట్టాలందరూ ఆ ఫోన్ని చేతిలోకి తీసుకుని చూశారు. చూసినవాళ్ళు పెంచలయ్య మొహం వైపొకసారి చూసి, ఏమీ అనకుండా ఫోను తిరిగిచ్చేశారు. తిట్టినా బాగుండేది.

నిజం తెలిసినవాళ్ళలో ఆ ఇంటి మనిషి ఒక్కతే. పెంచలయ్య అక్క రెడ్డెమ్మ. ఈ పదకొండు రోజుల్లో కడప నుంచి నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ వరండాలో కూర్చుని, నీలవేణి ఇచ్చిన టీ తాగి, నోరు విప్పకుండా బస్సెక్కి వెళ్ళిపోయింది.

రెడ్డెమ్మ పద్నాలుగేళ్ళు పాలిటెక్నిక్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పింది. ప్రిన్సిపాలుతో పొసగక ఒకరోజు రాజీనామా కాగితం బల్ల మీద పెట్టి వచ్చేసింది. పెళ్ళి మాట ఎవరెత్తినా "టైము చిక్కల్యా" అనేది, అది నిజమే కూడా. కడపలో జిలానీ బాషాకు కార్ల సామాన్ల దుకాణం ఉంది. సీటు కవర్లు, స్పీకర్లు, తెరలు అమ్ముతాడు, బిగిస్తాడు. ఆ దుకాణం మీది గదిలో ఆమె బల్లలు వేసుకుంది. దాన్ని ఆమె ల్యాబ్ అనేది. జిలానీ మేడమీద గది అనేవాడు.

దుకాణంలో ఎక్కువగా అమ్ముడుపోయే సరుకు అగ్గిపెట్టెంత ఉంటుంది. దాన్ని అడాప్టర్ అంటారు. కారులో తెర ఉంటుంది, ఫోనులో దారి చూపే మ్యాపులూ పాటలూ మనుషులూ ఉంటారు. రెంటినీ కలపాలంటే వైరు గుచ్చాలి, ఆ వైరు ఆర్నెల్లకోసారి తెగుతుంది. ఈ అగ్గిపెట్టెను తెర కింద సాకెట్లో పెడితే వైరుతో పని లేదు. బండి స్టార్టు చెయ్యగానే జేబులో ఉన్న ఫోను తెర మీదికొచ్చి కూర్చుంటుంది. ఇందులో కొత్తేమీ లేదు, దేశమంతా వాడుతున్నదే.

కొత్తది రెడ్డెమ్మ బుర్రలో పుట్టింది. అదీ తమ్ముడి అంబులెన్సులో, గువ్వలచెరువు ఘాటు రోడ్డు ఎక్కబోతూ పుట్టింది. పెంచలయ్య ఒక యజమాని దగ్గర ప్రైవేటు అంబులెన్సు నడుపుతాడు. రాయచోటి వైపు రోగుల్ని కడపకు చేర్చి, ఖాళీ బండితో ఘాటు దాటి ఊరికి తిరిగి వస్తుంటాడు. ఆ రోజు పక్క సీట్లో రెడ్డెమ్మ ఉంది. మొదటి మలుపు ఇంకా ఎదురుగానే ఉండగా ఇంటి నుంచి ఫోను వచ్చింది. తెర మీద నీలవేణి పేరు వెలిగింది. పెంచలయ్య ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ, రెండో చేత్తో తెర మీద నొక్కాడు. ఎదురుగా సిమెంటు లారీ.

"యాడున్నావు?" అంది నీలవేణి గొంతు.

"ఇదో, ఘాటు దిగేసినా. ఐదు నిమిషాలు."

లారీ జానెడు దూరంలో దాటిపోయింది. కాస్త తేరుకున్నాక రెడ్డెమ్మ తమ్ముణ్ణి నిలదీసింది. "ఎక్కనే ల్యా, దిగేసినా అంటావేందిరా?"

పెంచలయ్య నవ్వాడు. "అందరం అట్లనే అంటాం కదక్కా. ముక్కాల్గంట పడ్తాది అంటే ఆయమ్మకు దిగులు, నాకు తిట్లు. ఐదు నిమిషాలంటే ఇద్దరికీ సుఖం."

ఆమె కూడా నవ్వింది. కానీ ఆ లారీ కళ్ళ ముందు నుంచి పోలేదు. వారం రోజులు ఆలోచించింది. అడాప్టర్ ఫోనుకూ తెరకూ మధ్యన కూర్చుని ఉంది. వచ్చే ప్రతి పిలుపూ, పోయే ప్రతి మాటా దాని గుండానే పోతున్నాయి. ఊరికే మోసే బదులు, డ్రైవరు మలుపులో ఉన్నప్పుడు అదే జవాబు చెబితే? వేరే గొంతుతో చెబితే ఇంట్లోవాళ్ళు కంగారు పడతారు. డ్రైవరు గొంతుతోనే, డ్రైవరు మాటల్లోనే చెబితే? బండి వేగం, స్టీరింగు తిరిగే తీరు, అద్దం మీద వాన తుడిచే పుల్లల ఊపు, అన్నీ దానికి తెలుస్తూనే ఉంటాయి. ఎప్పుడు తాను మాట్లాడాలో, ఎప్పుడు మనిషికి వదిలెయ్యాలో అదే తేల్చుకుంటుంది.

పదకొండు నెలలు పెంచలయ్య ఫోను మాటలన్నీ రికార్డయ్యాయి. దానికతను కాగితం మీద సంతకం పెట్టాడు, అక్క పెట్టమంది గనుక చదవకుండా పెట్టాడు. మాటలు పోగవుతాయని తెలుసు. అడాప్టర్ తన బదులు మాట్లాడుతుందని మాత్రం తెలియదు. చెప్పొద్దని నిర్ణయించింది రెడ్డెమ్మే. తెలిస్తే మనిషి సహజంగా మాట్లాడడు, రేడియోలో ప్రసంగం చదివినట్టు చదువుతాడు, పరీక్ష పాడవుతుంది. చిక్కు ఇంకొకటి కూడా వచ్చింది. ఆపద మాటలు వినపడితే అడాప్టర్ పక్కకు తప్పుకుని ఫోను డ్రైవరుకే ఇవ్వాలని మొదట్లో ఒక జాబితా పెట్టింది. ఆసుపత్రి, ఊపిరి, ఆక్సిజన్, రక్తం. అంబులెన్సు డ్రైవరుకు వచ్చే ఫోన్లలో ఈ మాటలు లేని ఫోనేది? ఇంట్లో భార్యతో మాట్లాడినా అవే మాటలు, పప్పూ ఉప్పూ అన్నంత మామూలుగా. ప్రతి పిలుపూ ఆపదే అయి కూర్చుంది. విసిగి ఆ జాబితాను తీసేసింది.

పెంచలయ్య కోసం రెండు వందల పన్నెండు పిలుపులకు అడాప్టర్ జవాబు చెప్పింది. ఒక్కరంటే ఒక్కరు పోల్చుకోలేదు.

ఒక ఆదివారం రెడ్డెమ్మ ఆ ఇంటికి భోజనానికి వెళ్ళింది. పెంచలయ్య చెప్పులు విప్పుతుండగానే నీలవేణి అతని చేతులు చూసింది.

"పెరుగేదీ?"

"ఏం పెరుగు?"

"తెస్తానంటివి కదా, ఇందాక ఫోన్లో. బాగుంది. గంట కాలేదు, మర్చిపోతివి."

పెంచలయ్య తల గోక్కున్నాడు. "అంటినేమోలే." మళ్ళీ చెప్పులేసుకుని అంగడికి పోయాడు. హంసిని తండ్రి వెనకాల పరుగెత్తింది. నీలవేణి ఆడబిడ్డ వైపు తిరిగి, "చూస్తివా వదినా, మీ తమ్మునికి అప్పుడే ముసల్తనం వచ్చె" అంది.

రెడ్డెమ్మ పళ్ళెం ముందు కూర్చుని లోపల్లోపల మురిసిపోయింది. పెరుగు తెస్తానన్నది అడాప్టర్. కట్టుకున్న పెళ్ళామే పోల్చుకోలేదంటే ఇంకెవరు పోల్చుకుంటారు? తన తమ్ముడు తన బుర్రనే అనుమానిస్తూ అంగడికి పోతున్నాడన్న ఆలోచన ఆమెకు రానేలేదు. వచ్చి ఉంటే బాగుండేదని ఆ తరువాత ఎన్నిసార్లు అనుకుందో.

ఆ తరువాత ఆ అంబులెన్సుల యజమాని తన ముప్పై ఆరు బండ్లకూ అడాప్టర్లు పెట్టించాడు. ఒక్కో బండిలో ఒక్కో డ్రైవరు గొంతు.

కార్తీకం దాటాక ఒక మంగళవారం ముసురు పట్టింది. హంసినికి చలిగాలి పడదు. ఆయాసం వస్తే నోట్లో మందు పంపు కొడతారు, పది నిమిషాల్లో తగ్గుతుంది. ఆ రోజు తగ్గలేదు. రెండోసారి కొట్టారు. పిల్ల పెదవులు నీలం తిరిగాయి. ఎదురింటి ఓబులేసు ఆటో వాకిట్లోనే ఉంది. అతను నిద్ర లేచి వచ్చి ఆటో స్టార్టు చేశాడు. రాయచోటి ఆసుపత్రికి ఇరవై నిమిషాలు. నీలవేణి పిల్లను ఒళ్ళో వేసుకుని ఆటోలో కూర్చుని, మొగుడికి ఫోను చేసింది. మాట్లాడింది. ఆటో దిగింది. పిల్లను ఎత్తుకుని రోడ్డు పక్కన చింతచెట్టు కింద నిలబడింది. అంబులెన్సులో ఆక్సిజన్ ఉంటుంది కదా. ఐదు నిమిషాల్లో వస్తుంది కదా.

పెంచలయ్య అప్పటికి ఘాటు మొదటి మలుపులో, వానలో, రెండు లారీల వెనక ఉన్నాడు. ఆ మలుపుల్లో సిగ్నలు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఆ పాడు సిగ్నలు ఆ రోజు బాగానే ఉంది. తెర మీద ఏ పేరూ వెలగలేదు. నాలుగూ యాభై ఎనిమిదికి ఊళ్ళోకొచ్చేసరికి జనం రోడ్డు మీదున్నారు. హారను కొట్టాడు, తప్పుకోవడం లేదని విసుక్కున్నాడు కూడా. అంతలో నీలవేణి కనిపించింది. ఆమె ఒళ్ళో పిల్ల కదలడం లేదు.

పాతిపెట్టి వచ్చిన మర్నాడు పొద్దున రెడ్డెమ్మ ల్యాబుకు పోయి, అడాప్టర్ల నుంచి వచ్చి పడే రికార్డులు తెరిచింది. ఎందుకు తెరిచిందంటే, వాకిట్లో శవం ఉండగా పెంచలయ్య "నాకు ఫోనే రాల్యా" అని అరిచిన అరుపు ఆమెకు నిజంలా వినపడింది. రెండు పిలుపులూ దొరికాయి. రెండూ విన్నది.

విన్నాక మొట్టమొదట చేసిన పని, ముప్పై ఆరు బండ్లలోనూ జవాబు చెప్పే పనిని ల్యాబు నుంచే ఆపెయ్యడం. అందుకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. మనిషికి చెప్పడం ఒక్కటే మిగిలింది, అదే చేతకాలేదు.

జిలానీకి చెప్పింది. అతను టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. అతనికీ ఇద్దరు కూతుళ్ళు.

"అల్లా," అన్నాడు. "రెడ్డెమ్మక్కా, ఇది ఎవరికైనా చెప్పినావా?"

"ల్యా."

"వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం అడాప్టర్లు కొనేటోళ్ళొస్తాండారు. నాలుగు జిల్లాల బండ్లకు పెట్టిస్తామని. తెలుసు కదా."

"తెలుసు. ఏం చూపిచ్చేది వాళ్ళకు?"

"ఉండేదే చూపిద్దాం. పోయినేడు ఈ ముప్పై ఆరు బండ్లలో మూడు లోయలో పడినాయి. నాలుగు నెలల్నించి ఒకటి గూడా పడలా. అది అబద్ధమా? చెప్పు. నువ్వు ఇప్పుడు నోరు తెరిస్తే దీన్ని మూసేస్తారు. మూస్తే మళ్ళా పడతారు. పడేటోళ్ళు మనకు తెలిసినోళ్ళు కారు, అంతే తేడా. ఆపద మాటల సంగతి సరిచేస్తువు గానీ. చేతనవును కదా నీకు?"

చేతనవును. అదే బాధ. జిలానీ చెడ్డవాడు కాదు. అతను చెప్పిన దాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. రెడ్డెమ్మ ఆ మాటల్ని కొంగున కట్టుకుని ఇంటికి పోయింది. నీలవేణి పుట్టెడు దుఃఖంలో ఉంది, ఇప్పుడు చెప్పి ఏం లాభం, కొన్నాళ్ళు పోనీ అని తనకు తాను నచ్చజెప్పుకుంది. భయం అని ఒప్పుకోవడానికి ఆమెకు పది రోజులు పట్టింది. తమ్ముడి కళ్ళలోకి చూస్తూ, నీ గొంతుతో నీ పెళ్ళాన్ని ఆపి నీ కూతుర్ని చంపింది నేను చేసిన వస్తువురా అని చెప్పాలంటే భయం.

పదకొండో రోజు మధ్యాహ్నం పెంచలయ్యే ల్యాబుకు వచ్చాడు. గడ్డం పెరిగింది. బండి తాళం యజమానికి ఇచ్చేసి వస్తున్నానన్నాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"అక్కా, నేనే ఎత్తినానేమో."

"ఏమిరా?"

"ఫోను. నేనే ఎత్తి, మాట్లాడి, మర్చిపోయినానేమో. ఈ మధ్య నాకు అట్లనే అయితాంది. పెరుగు తెస్తానంటా, గుర్తుండదు. ఇంకో బండి డ్రైవరు చందుగానికి జీతం అడ్వాన్సు ఇప్పిస్తానంటినంట, నాకు తెల్దు. ఓనరుకు పొద్దున్నే వస్తానంటినంట. ఒగటా రెండా. నా తలకాయలో ఏదో చెడిపోయినాదక్కా. ఫోను అబద్ధం చెప్పదు కదా."

పెంచలయ్య గడ్డం రుద్దుకుని మళ్ళీ అందుకున్నాడు.

"రేపు నీలవేణి అన్నదమ్ములు వస్తాండారు, ఆయమ్మను తీస్కపోనీకి. ల్యా, ల్యా అని నేను మొండికేస్తే ఆయమ్మ కడుపు ఇంకా మండుతాది. ఎత్తినా, చెప్పినా, తప్పు నాదే అని కాళ్ళు పట్టుకుంటా. నా మనసుకు గూడా అదే నయమనిపిస్తాంది. చేసినోడు ఎవడో ఒగడు ఉండల్ల కదా."

అంతసేపూ ఆమె చేతిలో ఒక అడాప్టర్ ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి తమ్ముడి వైపు చూసింది. కూతురు పోయింది, పెళ్ళాం పోబోతోంది, ఇప్పుడు బుద్ధి కూడా తనది కాదనుకుంటున్నాడు. రేపు ఇతను చెయ్యని తప్పు ఒప్పుకుంటే జీవితాంతం అదే నిజమవుతుంది. రెడ్డెమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"రేపు ఎవరి కాళ్ళూ పట్టుకోవద్దు," అంది. "నేనొస్తా. నేనొచ్చేదాకా ఏం మాట్లాడొద్దు."

ఆ సాయంత్రం కిందికి దిగి జిలానీతో చెప్పింది. అతను వాదించలేదు. తల వంచుకుని సీటు కవరు కుట్టు చూస్తూ, "సోమవారం నేనేం చెప్పల్ల వాళ్ళకు?" అన్నాడు. "నిజం" అంది. "సరే అక్కా" అన్నాడు గానీ, ఆమె మొహం వైపు చూడలేదు.

మర్నాడు పొద్దున తొమ్మిదికల్లా రెడ్డెమ్మ ఆ ఇంటి వరండాలో ఉంది. చంకలో ల్యాప్‌టాప్. నీలవేణి అన్నదమ్ములిద్దరూ అప్పటికే వచ్చి రోడ్డు మీద జీపు దగ్గర నిలబడి ఉన్నారు. లోపల ఆమె ట్రంకుపెట్టె సర్ది సిద్ధంగా ఉంది. నీలవేణి అలవాటు కొద్దీ టీ పెట్టబోయింది.

"టీ వద్దు నీలా. కూర్చో. పెంచలూ, నువ్వూ ఇట్ల రా."

ముగ్గురూ మూడు మూలలా కూర్చున్నారు. రెడ్డెమ్మ చెప్పింది. మొదట్నుంచీ చెప్పింది. సిమెంటు లారీ, అడాప్టర్, పదకొండు నెలలు, సంతకం పెట్టించుకున్న కాగితం, తీసేసిన ఆపద మాటలు, పెరుగు. ఎక్కడా ఆగలేదు, ఆగితే మళ్ళీ నోరు రాదేమోనని. పెంచలయ్యకు మొదట ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నోరు తెరుచుకుని అక్కనే చూస్తూ ఉండిపోయాడు.

నీలవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. "అంటే ఆ పొద్దు నాతో మాట్లాడింది..."

"వాడు కాదు."

"నాకు ఇనిపీ."

"వద్దులే నీలా."

"ఇనిపీ వదినా."

రెడ్డెమ్మ ల్యాప్‌టాప్ తెరిచింది. ముందు నీలవేణి గొంతే వచ్చింది, వెనక ఆటో చప్పుడు.

"యాడున్నావు? పాపకు ఊపిరాడ్డం ల్యా. రెండుసార్లు పంపు కొడ్తి, తగ్గల్యా. ఓబులేసన్న ఆటోలో కూచోనుండా. రాయచోటికి పోనా?"

"ఘాటు దిగేసినా నీలా. ఐదు నిమిషాలు. బండ్లో ఆక్సిజన్ ఉండాది, ఏం భయపడొద్దు. ఉండు, వస్తాండా."

పెంచలయ్య తన గొంతును తానే విన్నాడు. ఆక్సిజన్ ఉండాది, ఏం భయపడొద్దు. రోజూ రోగుల మనుషులతో అనే మాట. అక్షరం పొల్లు పోకుండా తనదే.

రెండో పిలుపులో నీలవేణి ఏడుస్తోంది. "రాకపోతివే, పాప కండ్లు తేలేస్తాంది."

"ఇదో, మిట్ట కాడికొచ్చేస్తి. రెండు నిమిషాలు."

రెండోసారి అడిగితే మొదటిసారి కంటే దగ్గర్లో ఉన్నానని చెప్పాలి. అది కూడా అతని దగ్గరే నేర్చుకుంది.

రోడ్డు మీద నీలవేణి పెద్దన్న జీపు హారను ఒకసారి కొట్టి ఊరుకున్నాడు. పెంచలయ్య మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని, నేల వైపు చూస్తూ అన్నాడు.

"అక్కదేం తప్పు ల్యా. నా మాటే అది. నేనెత్తింటే గూడా అదే చెప్పింటి. ఘాటు దిగేసినా, ఐదు నిమిషాలు అనే చెప్పింటి. నాకంతకంటే వేరే మాట రాదు."

నీలవేణి పన్నెండు రోజుల తరువాత మొదటిసారి మొగుడి వైపు తిరిగింది.

"చెప్పింటావు," అంది. "నేను నమ్మింటానా?"

పెంచలయ్య తలెత్తాడు.

"తొమ్మిదేండ్లు కాపురం చేస్తి నీతో. నువ్వు ఐదు నిమిషాలంటే యా పొద్దన్నా ఐదు నిమిషాలాయనా?" ఆమె ఆడబిడ్డ వైపు తిరిగింది. "ఈయప్ప అబద్ధం చెప్పే ముందర గొంతులో సన్నంగా సద్దు చేస్తాడు వదినా. మింగినట్ల, సవరించుకున్నట్ల. ఈయప్పకే తెల్దు. నాకు తెల్సు. ఆ సద్దు ఇనపడితే ఇంకా ముక్కాల్గంట ఉండాదని కలుపుకుంటా. అప్పుడు అన్నానికి ఎసరు గూడా పెట్టను. సద్దు ల్యాకుండా వస్తాండా అంటే నిజంగా వీధి చివర ఉన్నట్ల. ఎప్పుడన్నా ఒగసారి అట్ల అంటాడు. ఆ పొద్దు చెవి గట్టిగా పెట్టి ఇన్యా. బిడ్డ ఒళ్ళో ఉండాది, తప్పు ఇంటానా? సద్దు ల్యా. నిజమే చెప్తాండాడనుకుంటి. ఆటో దిగేస్తి."

ఆ సద్దు రెడ్డెమ్మకు తెలుసు. రికార్డుల నిండా ఉండేది, ఇంటికి చేసిన ప్రతి ఫోనులోనూ. ఘాటులో గాలనుకుంది, దుమ్మనుకుంది, మైకు లోపమనుకుంది. గొంతు శుభ్రంగా రావాలని రెండు వారాలు కూర్చుని, వడపోసి, ఒక్కటి మిగలకుండా తీసేసింది. పని అయ్యాక జిలానీకి వినిపించి, ఎంత తేటగా ఉందో చూడు భాయ్ అని మురిసిపోయింది. అబద్ధం అట్లాగే ఉంది. అది అబద్ధమని తెలిపేది మాత్రం పోయింది.

ఈ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు. ఆమెకు ఆ ఆలోచన వచ్చింది, వచ్చినందుకు సిగ్గేసింది.

"ఆ సద్దు అందులో ఉండె నీలా," అంది. "అన్ని ఫోన్లలోనూ ఉండె. నేనే తీసేసినా."

నీలవేణి ఆమెను చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. అర్థం చేసుకోవడానికి కొంత సమయం తీసుకుంది, అంతే. తరువాత లేచి వాకిట్లోకి పోయి అన్నదమ్ములతో ఏదో చెప్పింది. వాళ్ళు ఇంటి వైపొకసారి చూసి జీపెక్కి వెళ్ళిపోయారు. ఆమె తిరిగొచ్చి పెంచలయ్య రెక్క పట్టుకుని లేపింది. అతనితో గడప దాటి లోపలికి పోతూ, వెనక్కి తిరగకుండా అంది.

"పదిన్నరకు బస్సుంది. నువ్వు పో వదినా."